ఓజోన్‌కు కుదిరిన ఒప్పందం కర్బనానికి ఎందుకు కుదరడం లేదు?

క్లుప్తంగా: వాతావరణ మార్పును ఏ దేశమూ ఒంటరిగా ఆపలేదు. అలాగని దేశాల మంచితనం మీదే భారం వేస్తే ఒప్పందాలు కాగితం దాటి రావు. ఓజోన్ పొరను కాపాడిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం పనిచేసింది. దానికి మూడు కారణాలు: బయట ఉన్నవాళ్లకు నష్టం, చేరినవాళ్లకు సొమ్ము, మెజారిటీ నిర్ణయానికి వీలు. వాతావరణం కోసం 2015లో కుదిరిన పారిస్ ఒప్పందంలో మొదటిదీ మూడోదీ లేవు, రెండోది అరకొర. అయినా కొన్ని రంగాల్లో, ముఖ్యంగా ఏసీ గ్యాసుల విషయంలో, పాత సూత్రం మళ్లీ పనిచేస్తోంది.

దాదాపు ఏటా నవంబరు, డిసెంబరు ప్రాంతంలో ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు జరుగుతుంది. రెండు వారాల చర్చలు, గడువు దాటాక కూడా తెల్లవార్లూ బేరాలు, ఆఖరికి ఎవరికీ పూర్తిగా నచ్చని ఒక తీర్మానం. పత్రికల హెడ్డింగులు కూడా ఏటా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఈలోగా 2024 సంవత్సరం రికార్డుల్లోకెల్లా వేడి ఏడాదిగా నమోదైంది. పారిశ్రామిక విప్లవానికి ముందు కాలంతో పోలిస్తే ఆ ఏడాది సగటు ఉష్ణోగ్రత 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కగట్టింది. 2025 జనవరిలో అమెరికా పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఇవన్నీ చూసినవాళ్లకు ప్రపంచ దేశాలు కలిసి ఒక పని చేయడం అసలు సాధ్యమేనా అన్న సందేహం వస్తుంది. సాధ్యమే. వాతావరణం విషయంలోనే ఒకసారి చేసి చూపించాయి. అప్పుడు కుదిరింది ఇప్పుడెందుకు కుదరడం లేదో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది.

1987లో ఏం జరిగింది

ఫ్రిజ్‌లలో, ఏసీల్లో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మరియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చెప్పారు. కంపెనీలు కొట్టిపారేశాయి. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఓజోన్ దారుణంగా పల్చబడుతోందని కొలిచి చూపించాక వాదన మారిపోయింది. రెండున్నరేళ్లు తిరగకముందే, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం మీద సంతకాలు మొదలయ్యాయి.

మొదటి ఒప్పందం నిజానికి బలహీనమైనది. సీఎఫ్‌సీలను సగానికి తగ్గించమంది, అంతే. భారత్, చైనా అసలు సంతకమే పెట్టలేదు. ఆ లెక్కన అది విఫలం కావాల్సింది. కానీ ఈరోజు 198 పక్షాలు అందులో ఉన్నాయి. అంటే గుర్తింపు ఉన్న ప్రతి దేశమూ ఉన్నట్టే. సీఎఫ్‌సీల తయారీ దాదాపుగా ఆగిపోయింది. ఇదే దారిలో నడిస్తే ప్రపంచంలో ఎక్కువ భాగం మీద ఓజోన్ పొర 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా.

సగం కోత ఒప్పందం పూర్తి నిషేధంగా ఎలా మారిందన్నదే అసలు కథ.

బయట ఉంటేనే నష్టం

ఒప్పందంలోని నాలుగో అధికరణం వ్యాపారానికి సంబంధించినది. చేరిన దేశాలు చేరని దేశాలతో ఈ రసాయనాల లావాదేవీలు చేయకూడదు. వాటితో తయారైన వస్తువులకూ క్రమంగా అదే నిబంధన. చేరకుండా ఉండిపోయి, చవగ్గా సీఎఫ్‌సీ తయారు చేసి ప్రపంచానికి అమ్ముకుందామనుకున్న దేశానికి కొనేవాడే ఉండడు. ఒక్కో దేశం చేరేకొద్దీ బయట ఉన్నవాళ్ల మార్కెట్ ఇంకా కుంచించుకుపోతుంది.

ఇందులో కంపెనీల లెక్క కూడా ఉంది. ప్రపంచ సీఎఫ్‌సీ ఉత్పత్తిలో దాదాపు పావు వంతు అమెరికా కంపెనీ డూపాంట్‌దే. మొదట గట్టిగా వ్యతిరేకించిన ఆ కంపెనీ, ప్రత్యామ్నాయ రసాయనాల్లో తనకు ముందంజ ఉందని తేలాక 1988లో సీఎఫ్‌సీలను ఆపేస్తామని ప్రకటించింది. పాత సరుకుకు నిషేధం వస్తే కొత్త సరుకు మార్కెట్ తనదే కదా. తయారీదారులు కొద్దిమందే కావడంతో వాళ్లు మెత్తబడగానే ప్రభుత్వాలకూ పని సులువైంది.

నిఘా కూడా గట్టిది. 2018లో సీఎఫ్‌సీ-11 ఉద్గారాలు లెక్కకు మించి పెరుగుతున్నాయని గాలి నమూనాల్లో బయటపడింది. దక్షిణ కొరియా, జపాన్‌లలోని కొలత కేంద్రాల సమాచారంతో మరుసటి ఏడాదికల్లా అందులో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తున్నదని తేలింది. చైనా దాడులు చేసింది, ఉద్గారాలు మళ్లీ తగ్గాయి. గాలిలో దొంగ సరుకు దొరికిపోతుందని అందరికీ అర్థమైంది.

డబ్బు ఎవరిచ్చారు

భారత్ 1987లో దూరంగా ఉండటానికి కారణం ఉంది. ఓజోన్‌కు చిల్లు పెట్టింది ధనిక దేశాలు. ఇక్కడ చాలా ఇళ్లకు అప్పటికి ఫ్రిజ్ కూడా రాలేదు. కొత్త రసాయనాలు ఖరీదైనవి, వాటి పేటెంట్లు ఆ కంపెనీల దగ్గరే ఉన్నాయి. 1990 లండన్ సమావేశంలో భారత పర్యావరణ మంత్రిగా మేనకా గాంధీ, చైనాతో కలిసి, ఖర్చు భరిస్తేనే చేరతామని పట్టుబట్టారు. ఫలితంగా బహుపాక్షిక నిధి ఏర్పడింది. పేద దేశాలకు పదేళ్ల అదనపు గడువు ముందే ఉంది. చైనా 1991లో, భారత్ 1992లో చేరాయి.

నిధి తీరు గమనించదగ్గది. ఒక ఫ్యాక్టరీ పాత గ్యాసు నుంచి కొత్త గ్యాసుకు మారితే అదనంగా అయ్యే ఖర్చెంతో లెక్కగట్టి అంత ఇస్తారు. నిర్ణయాలు తీసుకునే కమిటీలో ఇచ్చే దేశాలకూ పుచ్చుకునే దేశాలకూ సమాన సీట్లు. ఇప్పటికి ఆ నిధి 400 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. వాతావరణ సదస్సుల్లో వినిపించే అంకెల ముందు ఇది చిల్లర. కానీ ఇస్తామన్నది చాలావరకు ఇచ్చారు, దేనికిచ్చారో దానికే వాడారు. పేద దేశాలు మాట నిలబెట్టుకోవడానికి ఈ నమ్మకమే ఎక్కువ పనికొచ్చింది.

బొగ్గు దగ్గరికొచ్చేసరికి

సీఎఫ్‌సీ తయారీదారులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. బొగ్గు, చమురు, గ్యాసు అలా కాదు. కరెంటు, సిమెంటు, ఉక్కు, ఎరువులు, లారీ, వంటగ్యాసు అన్నీ వాటి మీదే నడుస్తున్నాయి. మన దేశంలో కరెంటులో దాదాపు మూడొంతులు బొగ్గు నుంచే వస్తోంది. కొత్తగూడెం, మందమర్రి, రామగుండం లాంటి ఊళ్లలో జీతమూ, కిరాణా కొట్టు బేరమూ, ఇంటి అద్దె కూడా సింగరేణి బొగ్గుతో ముడిపడినవే. గ్యాసు మార్చినంత తేలిగ్గా ఒక జిల్లా బతుకుతెరువును మార్చడం కుదరదు.

రెండో తేడా బాధ్యత ఎవరిదన్నది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది ఎవరు ఎంత వదిలారన్నదానితో పాటు ఇప్పటిదాకా ఎవరు ఎంత వదిలారన్నదీ లెక్కలోకి వస్తుంది. చరిత్రలో ఇప్పటివరకు వెలువడిన దానిలో దాదాపు నాలుగో వంతు అమెరికాది. భారత్ వాటా 3 శాతం అటూ ఇటూ. ఏడాది లెక్కలో మాత్రం చైనా మొదటి స్థానంలో, అమెరికా రెండో స్థానంలో, భారత్ మూడో స్థానంలో ఉన్నాయి. తలసరి చూస్తే అమెరికాలో ఒక మనిషికి ఏటా సుమారు 14 టన్నులు, ఇక్కడ 2 టన్నులు. ఏ అంకె ముందుపెడితే ఆ వాదన నెగ్గుతుంది, అందుకే ఏ దేశమైనా తనకు పనికొచ్చే అంకెనే ముందుపెడుతుంది.

చీటీ కట్టేవాళ్లకు ఈ గొడవ కొత్తది కాదు. మొదటి నెలల్లోనే పాట ఎత్తుకుని ఇల్లు కట్టుకున్నవాడు తర్వాత కంతులు కట్టనంటే, ఇంకా ఎత్తుకోనివాడు ఏమంటాడో 1992 రియో సదస్సు నుంచి పేద దేశాలు అదే అంటున్నాయి. ‘ఉమ్మడి బాధ్యతే, కానీ తేడాలున్న బాధ్యత’ అనే సూత్రం రియోలో ఆ వాదన నుంచే వచ్చింది.

1997 క్యోటో ఒప్పందం ఆ సూత్రాన్ని యథాతథంగా అమలు చేయబోయింది. ధనిక దేశాలకు కోతలు, మిగతావాళ్లకు మినహాయింపు. పేద దేశాలకు బాధ్యత లేని ఒప్పందం వద్దని అమెరికా సెనేట్ అంతకు కొన్ని నెలల ముందే 95-0 ఓట్లతో తీర్మానం చేసింది. అమెరికా సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు. కెనడా చేరి, 2011లో తప్పుకుంటున్నట్టు చెప్పింది. ఇద్దరికీ ఏ జరిమానా పడలేదు. బయట ఉంటే నష్టమన్న మాంట్రియల్ సూత్రం ఇక్కడ తలకిందులైంది.

ఒక్కరు వద్దన్నా ఆగిపోయే సభ

బయటికి అంతగా తెలియని విషయం ఒకటుంది. వాతావరణ సదస్సులకు ఓటింగు నిబంధన లేదు. 1995లో బెర్లిన్‌లో జరిగిన మొదటి సదస్సులోనే ఆ నిబంధన మీద ఏకాభిప్రాయం కుదరక పక్కన పెట్టారు. ఇప్పటికీ అది పక్కనే ఉంది. దాంతో ప్రతి నిర్ణయానికీ అందరూ సరేననాలి. చమురు అమ్ముకునే దేశమూ సరేననాలి, సముద్రంలో మునిగిపోతున్న ద్వీప దేశమూ సరేననాలి. తీర్మానాల భాష నీళ్లగా ఉండటానికి సగం కారణం ఇదే.

మాంట్రియల్‌లో అలా కాదు. ఏకాభిప్రాయం కుదరకపోతే జాబితాలో ఉన్న రసాయనాల కోతలను మూడింట రెండు వంతుల మెజారిటీతో కఠినం చేయవచ్చు. పైగా ఆ మార్పును మళ్లీ ఒక్కో దేశం పార్లమెంటు ఆమోదించనక్కర్లేదు, అందరికీ వర్తిస్తుంది. సగం కోత పూర్తి నిషేధంగా మారింది ఈ మార్గంలోనే.

2015 పారిస్ ఒప్పందం ఈ పరిమితులను ఒప్పుకుని వాటి మధ్యే దారి వెతికింది. ఎవరి లక్ష్యం వాళ్లే నిర్ణయించుకుంటారు, అయిదేళ్లకోసారి పెంచుకుంటారు, లెక్కలు అందరి ముందూ పెడతారు. తప్పితే శిక్ష లేదు. ఇది పళ్లు లేని ఒప్పందమన్న విమర్శలో నిజముంది. అయితే అసలు పనిచేయలేదనడం అన్యాయం. పారిస్‌కు ముందు భూమి ఈ శతాబ్దాంతానికి 3.5 డిగ్రీల దాకా వేడెక్కుతుందన్న అంచనా, ఇప్పటి విధానాలతో 3 డిగ్రీలకు కాస్త అటూ ఇటూకు దిగింది. లక్ష్యం 1.5, గరిష్ఠంగా 2 లోపు. అంటే ఇంకా చాలా దూరం ఉంది.

తగ్గిన దానిలో చాలా భాగం సోలార్ ధరలది. 2010 తర్వాత పదిహేనేళ్లలోపు సోలార్ కరెంటు ఖర్చు పదో వంతుకు దగ్గరగా పడిపోయింది. 2000లో జర్మనీ చట్టం చేసి ఎక్కువ ధరకు సోలార్ కరెంటు కొనడం మొదలుపెట్టింది, చైనా ఫ్యాక్టరీలు ఆ గిరాకీ మీద పెరిగాయి, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సోలార్ పార్కులు వచ్చేనాటికి పలకలు చవకయ్యాయి. ఏ ఒప్పందంలోనూ ఇలా రాసి లేదు. ఒకరి సబ్సిడీ మరొకరికి లాభమైంది. ఉద్దేశించకుండా జరిగినా ఇది కూడా సహకారమే.

నిధుల లెక్క

2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ అంకెను 2022లో దాటినట్టు ఆ దేశాల కూటమి ఓఈసీడీ ప్రకటించింది. రెండేళ్ల ఆలస్యం ఒక ఎత్తు, అందులో ఎక్కువ భాగం అప్పు కావడం మరో ఎత్తు. తుపాను దెబ్బకు కూలిన కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి అప్పు తెచ్చి, దానికి వడ్డీ కట్టడాన్ని సాయం అనాలా అన్నది పేద దేశాల ప్రశ్న.

2024 నవంబరులో బాకు సదస్సు ఆ లక్ష్యాన్ని 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లకు పెంచింది. పేద దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. తీర్మానం ఆమోదం పొందిందని సుత్తి కొట్టాకే తమకు మాట్లాడే అవకాశం ఇచ్చారని భారత ప్రతినిధి సభలోనే నిరసన తెలిపారు. తుపాన్లు, వరదల నష్టానికి పరిహారంగా 2022లో ఒప్పుకున్న ‘నష్ట నిధి’కి 2023 దుబాయ్ సదస్సు చుట్టుపక్కల అందిన హామీలు 70 కోట్ల డాలర్ల స్థాయిలో ఉన్నాయి. ఒక్క హుద్‌హుద్ లాంటి తుపాను నష్టానికి కూడా అది చాలదు.

ఏసీలో ఉన్న ఒప్పందం

మాంట్రియల్ కథకు రెండో భాగం ఇళ్లలోనే కనిపిస్తుంది. ఏసీ బయటి యూనిట్ మీద స్టిక్కర్ చూస్తే లోపలి గ్యాసు పేరు ఉంటుంది, సాధారణంగా ఆర్-22, ఆర్-410ఎ, ఆర్-32లలో ఏదో ఒకటి. ఆర్-22 ఓజోన్‌కూ హానికరం, కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే బరువుకు బరువు దాదాపు 1,800 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దాని స్థానంలో వచ్చిన 410ఎ ఓజోన్‌ను ఏమీ చేయదు, కానీ వేడి విషయంలో 2,000 రెట్లు. ఆర్-32 సుమారు 675 రెట్లు. సీఎఫ్‌సీలకు ఈ వేడి గుణం ఉందని 1975లోనే లెక్కగట్టింది తమిళనాడులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్.

అంటే ఓజోన్‌ను కాపాడబోయి వాడిన కొత్త గ్యాసులు భూమిని వేడెక్కిస్తున్నాయి. దీన్ని సరిదిద్దడానికి 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేశారు. పూర్తిగా అమలైతే ఈ శతాబ్దాంతానికి 0.5 డిగ్రీల దాకా వేడి తగ్గుతుందని అంచనా. ఒక్క రంగంలో ఒక్క సవరణతో ఇంత ఫలితం ఇంకెక్కడా లేదు.

బేరం ఇక్కడా గట్టిగానే నడిచింది. ఎండలు ఎక్కువ, ఏసీలు తక్కువ ఉన్న దేశానికి ఎక్కువ గడువు కావాలని భారత్ వాదించింది. 2015 వేసవిలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే కాబట్టి ఆ వాదన ఉత్తుత్తిది కాదు. భారత్‌కు 2028 దాకా పెంచుకునే వెసులుబాటు, 2032 నుంచి దశలవారీ కోత, 2047 నాటికి 85 శాతం తగ్గింపు అని తేలింది. 2021లో భారత్ దీన్ని ఆమోదించింది.

బలహీనమైన చోటు వీధిలో ఉంది. పాత ఏసీని ఇంకో గోడకు మార్చేటప్పుడు, తుక్కు కింద అమ్మేటప్పుడు మెకానిక్ చాలాసార్లు పైపు వదులు చేసి గ్యాసును గాలిలోకి వదిలేస్తాడు. దాన్ని సిలిండర్‌లోకి పట్టే మిషన్ ఖరీదైనది, పట్టినందుకు రూపాయి ఇచ్చేవాడు లేడు. ఒక కిలో ఆర్-22 వదిలితే 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. సగటు భారతీయుడి ఏడాది లెక్కకు దాదాపు సమానం. అంతర్జాతీయ ఒప్పందం ఫ్యాక్టరీ గేటు దాకా బాగానే వచ్చింది, టెర్రస్ మీదికి ఇంకా ఎక్కలేదు.

సాయం పేరుతో జరిగిన తిరకాసు

నిధి ఉంటే చాలదని చెప్పే ఉదాహరణ కూడా ఇదే పరిశ్రమలో ఉంది. ఆర్-22 తయారీలో హెచ్ఎఫ్‌సీ-23 అనే వ్యర్థ గ్యాసు వస్తుంది. వేడి విషయంలో కార్బన్ డయాక్సైడ్‌కు పది వేల రెట్లకు పైమాటే. క్యోటో నిబంధనల కింద దాన్ని కాల్చేసిన ఫ్యాక్టరీలకు కార్బన్ క్రెడిట్లు (ధనిక దేశాలు తమ కోతల లెక్కలో చూపుకోవడానికి కొనుక్కునే పత్రాలు) ఇచ్చారు. చైనా, భారత్‌లలో కొన్ని ఫ్యాక్టరీలకు అసలు సరుకు అమ్మకం కంటే వ్యర్థం కాల్చడమే లాభసాటి అయిపోయింది. క్రెడిట్ల కోసమే ఉత్పత్తి పెంచుతున్నారన్న ఆరోపణలు వచ్చాక, 2013 నుంచి యూరప్ ఆ క్రెడిట్లను తీసుకోవడం మానేసింది. 2016లో కిగాలీ సమావేశం సమయంలోనే భారత ప్రభుత్వం ఆ గ్యాసును సొంత ఖర్చుతోనే కాల్చాలని కంపెనీలను ఆదేశించింది. చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పనికి ప్రపంచం అన్నేళ్లు భారీ ధర చెల్లించింది.

సరిహద్దు దగ్గర పన్ను

బయట ఉన్నవాడికి నష్టమన్న సూత్రం ఇప్పుడు వేరే రూపంలో తిరిగొస్తోంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు వంటి దిగుమతుల మీద, వాటి తయారీలో వెలువడిన కర్బనాన్ని బట్టి రుసుము వసూలు చేసే పద్ధతిని యూరప్ 2026 జనవరి నుంచి పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. తమ కంపెనీలు కర్బనానికి ధర చెల్లిస్తున్నప్పుడు బయటివాళ్లు చెల్లించకపోతే ఫ్యాక్టరీలు బయటికే పోతాయన్నది యూరప్ తర్కం. కర్బన ధర కట్టని దేశాలు నష్టపోయేలా కొన్ని దేశాలు క్లబ్బుగా ఏర్పడాలని నోబెల్ గ్రహీత, ఆర్థికవేత్త విలియం నోర్డ్‌హౌస్ 2015లో చెప్పిన ఆలోచనకు ఇది దగ్గర.

భారత్ దీన్ని వ్యతిరేకిస్తోంది. మాంట్రియల్‌తో పోలిస్తే ఇందులో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ వాణిజ్య ఆంక్షతో పాటు నిధి, అదనపు గడువు ఉన్నాయి. ఇక్కడ కర్ర ఒక్కటే ఉంది. వసూలైన సొమ్ము పేద దేశాల ఫ్యాక్టరీలు మారడానికి ఇస్తే బేరం వేరేగా ఉండేది. అయినా ఈ పన్ను వల్ల ఒక మార్పు వచ్చింది: ఇక్కడి ఎగుమతి కంపెనీలు టన్ను ఉక్కుకు ఎంత కర్బనమో లెక్క రాయడం మొదలుపెట్టాయి. సొంత కర్బన మార్కెట్‌కు భారత్ చట్టపరమైన ఏర్పాట్లూ చేసుకుంటోంది. కర్బన ధర ఇక్కడే కడితే ఆ మేరకు యూరప్‌లో తగ్గుతుంది, సొమ్ము దేశంలోనే ఉంటుంది.

మీథేన్, వరి

తదుపరి బేరం మీథేన్ మీద జరిగేలా ఉంది. అది గాలిలో ఉండేది పన్నెండేళ్లే, కానీ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామన్న 2021 నాటి ప్రతిజ్ఞలో 150కి పైగా దేశాలు చేరాయి. భారత్ చేరలేదు. అమెరికాలోనో రష్యాలోనో మీథేన్ చమురు బావుల నుంచి, పైపుల లీకేజీ నుంచి వస్తుంది, దాన్ని అరికడితే ఆ గ్యాసు అమ్ముకోవచ్చు కూడా. ఇక్కడ ఎక్కువగా వచ్చేది పశువుల నుంచి, నీళ్లు నిలిచిన వరి పొలాల నుంచి.

వరిలో తగ్గించే ఉపాయం తెలిసిందే. పొలాన్ని మధ్యమధ్య ఆరగట్టి మళ్లీ తడి పెడితే మీథేన్ మూడో వంతు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. బోరు కింద వరి వేసిన తెలంగాణ రైతు మోటారు స్విచ్ చేతిలో ఉంది కాబట్టి చేయగలడు. గోదావరి డెల్టాలో దాళ్వా పంటకు వంతులవారీగా కాలువ నీళ్లొచ్చే శివారు రైతు మాత్రం ఉన్న నీటిని పొలంలో నిలబెట్టుకోవాలనే చూస్తాడు, వచ్చే వంతుకు నీళ్లు అందుతాయో లేదో అతనికి తెలియదు. ఇక్కడ మీథేన్ తగ్గాలంటే ముందు కాలువలు బాగుపడాలి, తూములకు షట్టర్లు ఉండాలి, చివరి ఎకరం దాకా నీళ్లు చెప్పిన రోజున రావాలి. ఫ్యాక్టరీ గ్యాసు మారడానికి అదనపు ఖర్చు లెక్కగట్టి ఇచ్చినట్టు ఈ ఖర్చును లెక్కగట్టి ఇచ్చే ప్రత్యేక నిధి ఏదీ ప్రస్తుతం లేదు.